అసలుది వేయించాను, చెల్లీ

మిషన్ల సందు, మేడ కింద ఇల్లు
జూన్ మొదటి ఆదివారం

చెల్లీ,

అక్క దీవెనలు. ముందు అందరి సంగతీ వరసగా రాయి. నీ తలనొప్పి ఎలా ఉంది? ఆ ఇంట్లో వెలుతురు చాలక వస్తోందన్నావు, బల్బు మార్పించావా? మరిదిగారి నడుము నెమ్మదించిందా? రైల్వే కొలువు అయిపోయాక కూడా ఆయన మూటలెత్తడం మానలేదని రాశావు, అప్పట్నుంచీ నాకు నడుము నొప్పిగా ఉంటోంది. మీ అత్తగారి దగ్గు తగ్గిందా, లేక ఇంకా కూర్చునే నిద్రపోతున్నారా? మీ పిల్లి కాలు అతుక్కుందా? అది గోడ మీంచి పడిందని రాసిన దగ్గర్నుంచి మా గోడకేసి చూసినప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

ఇక్కడ మీ బావకి ఏ జబ్బూ లేదు. అదే నా దిగులు. ఈ వయసులో ఏ జబ్బూ లేని మనిషి ఎక్కడుంటాడు, లోపల ఏదో దాక్కునే ఉండాలి. నాకు మామూలే, చెవులు. నువ్వు ఫోన్లో ఏం చెప్పినా సగమే వినపడుతుంది, మిగతా సగం నేను భయంతో నింపుకుంటాను. అందుకే మనకి ఉత్తరాలే నయం.

ఇక అసలు సంగతి. మన కంప్యూటర్ నన్ను దొంగ అంటోంది.

నువ్వు నిరుడు నడివయసులో పెళ్ళయి వెళ్తూ చెప్పావు కదా, వాడకపోతే పాడవుతుంది, వారానికోసారైనా వెయ్యమని. ప్రతి ఆదివారం పైన కప్పిన దుప్పటి తీసి, తుడిచి, వేస్తున్నాను. రోజూ కుట్టే బ్యాడ్జీల డిజైన్లు ఎంబ్రాయిడరీ మిషన్ చిప్పులోనే పెట్టి వెళ్ళావు గనక పనికి దానితో అవసరం పడటం లేదు. మీ బావ కాసేపు దాంట్లో పేకాడుకుంటాడు, అంతే. పోయిన నెల నుంచి వెయ్యగానే తెర నల్లబడిపోయి, ఒక మూల తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. నాలుగో తరగతి చదువు నాది, నాకేం అర్థమవుతుంది? మీ బావ చదివి చెప్పాడు. ఇందులో వేసింది అసలుది కాదు, నకిలీ కాపీ అని ఉందట. కొన్నప్పుడు ఆ షాపువాడు ఏదో సీడీ పెట్టి వేసిచ్చాడు గుర్తుందా? అందరికీ అలాగే వేసేవాడు. ఇన్నేళ్ళూ మనింట్లో దొంగసొత్తు పెట్టుకుని, దాని ముందు కూర్చుని బడిపిల్లల చొక్కాలకి బ్యాడ్జీలు తయారుచేశాం!

మీ బావకి చీమ కుట్టినట్టయినా లేదు. "పోలీసులొస్తే కూర్చోబెట్టి టీ ఇయ్యి, నేను ఆట ముగించుకుని వస్తాను" అంటాడు. నాకు మాత్రం వీధిలో ఎవరు ఖాకీ బట్టలేసుకుని వెళ్ళినా కాళ్ళు వణుకుతున్నాయి. మొన్న అలా వణికితే అతను గ్యాస్ బండలవాడు.

చివరికి కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాను. మూత తీసి దుమ్ము ఊదాడు, మీ బావకి ఆ పూటంతా తుమ్ములే. పెట్టె పాతదైనా గట్టిదట. కాస్త మెమరీ పెంచి, కొత్త ఆపరేటింగ్ సిస్టం వేస్తే ఇంకొన్నేళ్ళు నడుస్తుందట. సీలు వేసిన డబ్బాలో, బిల్లుతో సహా, అసలుదే తెమ్మన్నాను. వచ్చే వారం వస్తానన్నాడు. అది వేసిందాకా నాకు ముద్ద దిగదు.

మీ అక్క


రైలుగేటు దగ్గర ఇల్లు
జూన్, శుక్రవారం

అక్కా,

అందరూ బాగున్నారు. అత్తయ్య దగ్గు తగ్గింది, మాట పెరిగింది. మీ మరిది నడుముకి పట్టీ వేసుకుని సిపాయిలా తిరుగుతున్నారు. పిల్లి మళ్ళీ గోడెక్కింది. పోలీసులు రారు, అక్కా. దేశంలో సగం ఇళ్ళకి రావాల్సొస్తుంది, వాళ్ళకంత తీరికెక్కడిది? అయినా అసలుది వేయించడం మంచిదే, వేయించు.

ఒక్క పని మాత్రం మర్చిపోకు. అతను వచ్చినప్పుడు ముందు నా డిజైన్లన్నీ వేరే దాంట్లోకి ఎక్కించమను. అన్నీ ఒకేచోట ఉన్నాయి, 'పువ్వులు' అని పేరు పెట్టాను. పువ్వులేమిటి, పక్షులు, తీగలు, బడుల బ్యాడ్జీలు, హోటళ్ళ పేర్లు, పద్నాలుగేళ్ళ పని మొత్తం అందులోనే ఉంది.

ఎందుకంటే, ఇక్కడ కుట్టుపని నేర్పే కేంద్రంలో మిషన్ ఎంబ్రాయిడరీ చెప్పడానికి మనిషి కావాలట. పోయి అడిగాను. చదువు కాగితాలు అక్కర్లేదు, చేసిన పని తెచ్చి చూపించండి అన్నారు. జూలైలో పిలుస్తారు. నాకు ఇది కావాలి అక్కా. వీళ్ళు మంచివాళ్ళే, నన్నొక మాట అనరు. కానీ పొద్దున లేస్తే ఈ ఇంట్లో నాదంటూ ఒక పని లేదు. అక్కడ మన ముందుగదిలో మిషన్ పక్కన కూర్చున్నప్పుడు నేనొక మనిషినని ఉండేది. ఆ పువ్వులు చూపిస్తే ఈ పని నాకొస్తుంది.

నీ చెల్లి


మిషన్ల సందు
జూన్, మంగళవారం

చెల్లీ,

నీ ఉత్తరం ఇవాళే అందింది. కంప్యూటరతను మొన్నే వచ్చి పని ముగించుకుని వెళ్ళిపోయాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. డబ్బా సీలు నా కళ్ళముందే చించి అడిగాడు, "అమ్మా, పాతదాని మీదే వెయ్యనా, మొత్తం తుడిచేసి వెయ్యనా?"

"పాతదాని మీద వేస్తే ఏమవుతుంది?" అన్నాను.

"పాతవి కొన్ని అడుగున ఉండిపోతాయి."

నా పని పద్ధతి నీకు తెలుసు కదా. పాత దారం ఆఖరి పోగు దాకా ఊడదీయకుండా ఏనాడూ కొత్త కుట్టు వెయ్యలేదు నేను. "అడుగున ఏమీ ఉండటానికి వీల్లేదు నాయనా, మొత్తం తుడిచెయ్యి" అన్నాను.

అతను మంచివాడు, వెంటనే తుడవలేదు. తెర మీద చూపించాడు. "ఇక్కడ పువ్వులూ పక్షులూ బోలెడున్నాయి, ఇవి దాచనా?"

"ఇవి కూడా ఆ దొంగదాంతో చేసినవేనా?"

"దాంతోనే చేసుంటారు. అయినా ఇవి మీవే కదమ్మా!"

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. దొంగదాంతో చేసినవి మనవి ఎలా అవుతాయి, రేపెవరైనా వచ్చి ఇవెవరు గీశారని అడిగితే నా చెల్లెలి పేరు చెప్పాలి, అది ఇంకో ఇంట్లో కోడలు, అక్కడ దాని పరువేం కాను, ఇవన్నీ ఒక్కసారి తలలో గిర్రున తిరిగాయి. నువ్వైతే గంటలో మళ్ళీ గీసుకుంటావులే అనిపించింది. "తీసెయ్" అన్నాను. మీ బావ లోపల్నుంచి "దాన్నొక మాట అడగవే" అని అరిచాడట. నాకు వినపడలేదు.

ఆ సాయంత్రం ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. నల్ల తెర పోయి నీలం తెర వచ్చింది. బిల్లు తీసి అద్దం వెనక పెట్టుకున్నాను. చాన్నాళ్ళకి కంటినిండా నిద్రపోయాను. ఇవాళ నీ ఉత్తరం చూసి చెప్పులు కూడా వేసుకోకుండా అతని షాపుకి వెళ్ళాను. అతను నా వెంటే వచ్చి కంప్యూటర్లో చాలాసేపు వెతికాడు. అక్కడక్కడా ముక్కలు కనిపించాయి గానీ ఒక్కటీ తెరుచుకోలేదు. "ఇక రావమ్మా" అన్నాడు.

ఏం చెయ్యమంటావు చెల్లీ? నన్ను తిట్టు. వెంటనే రాయి.

అక్క


రైలుగేటు దగ్గర ఇల్లు
జూన్ ఆఖరి వారం

అక్కా,

ముందు కూర్చో. మంచినీళ్ళు తాగు. నా దగ్గర ఒక కాపీ ఉంది. వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని తెచ్చుకున్నాను, ఆ సంగతే మర్చిపోయి నీకు రాశాను. పెట్టె అడుగున చీరల కింద దొరికింది. కాబట్టి ఏమీ పోలేదు. దీని గురించి ఇక ఆలోచించకు, అన్నం మానేయకు, అతన్ని వెంటపడి వేధించకు.

బావగారి పేకముక్కలు కొత్తదాంట్లో ఉన్నాయా?

చెల్లి


మిషన్ల సందు
ఆగస్టు, ఆదివారం

చెల్లీ,

బళ్ళు తెరిచిన హడావిడిలో జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆ రోజు నీ ఉత్తరం చదివి కంప్యూటర్ ముందే కూలబడ్డాను, ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఉన్నాయిలే, మీ బావ పేకముక్కలు. కొత్తవి మరీ మెరుస్తున్నాయని, ఓడిపోతే కూడా అందంగా ఓడిపోతున్నానని ఆయన సంబరం. నీ దగ్గర కాపీ లేకపోయుంటే నేను ఏమయ్యేదాన్నో. అందరి ఆరోగ్యమూ రాయి, పోయిన ఉత్తరంలో ఎవరి సంగతీ లేదు. నీ తలనొప్పి సంగతి అంతకుముందు దాంట్లోనూ లేదు. కుట్టుకేంద్రం వాళ్ళు పిలిచారా? జూలై దాటిపోయింది. మొదటి రోజు ఏ చీర కట్టుకెళ్ళావు?

ఒక చిన్న పని పడింది. మన మలుపులో బడి ఉంది చూడు, దీపం బ్యాడ్జీ వాళ్ళది, ఈ ఏడు జేబులు చిన్నవి చేశారు. దీపం కూడా చిన్నది కావాలంటున్నారు. మిషన్లోనే కుదించి చూశాను. కుట్లన్నీ ఒకదాని మీద ఒకటెక్కి గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది, సూది విరిగింది. బడి గుమాస్తా చూసి, "ఇదేంటమ్మా, దీపమా, వంకాయా?" అన్నాడు. నువ్వు గీసిన అసలు దీపం నీ కాపీలో ఉంటుంది కదా, దాన్ని చిన్నది చేసి పంపు. నీకిది నిమిషాల పని.

అక్క


రైలుగేటు దగ్గర ఇల్లు
ఆగస్టు ఆఖరు

అక్కా,

కవర్లో పెన్‌డ్రైవ్ పెట్టాను, దీపం అందులో ఉంది. ఇక్కడొక ఎంబ్రాయిడరీ షాపువాళ్ళ కంప్యూటర్లో చేశాను. ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. కేంద్రం వాళ్ళు ఇంకా ఏమీ తేల్చలేదు. తేలాక నేనే రాస్తాను. అందరూ బాగున్నారు.

చెల్లి


మిషన్ల సందు
సెప్టెంబరు, గురువారం

చెల్లీ,

దీపం కుట్టాను. ఇప్పుడు నేను రాసేది కంగారు పడి రాస్తున్నది కాదు. కంగారైతే నా అక్షరాలే చెప్తాయి నీకు. చూడు, నిదానంగా ఉన్నాయి.

గుడ్డ రింగులో బిగించి, మిషన్ నొక్కి, ఎప్పటిలాగే బల్ల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. మిషన్ చప్పుడు నా చెవికి రాక ఎన్నాళ్ళయిందో, చేతికి మాత్రం ఇంకా వస్తుంది. నీ దీపం నా చేతికి కంఠతా వచ్చు. ముందు పలచటి అడుగుకుట్టు, తర్వాత కుందె, తర్వాత ఒత్తి. ఒత్తి దగ్గర సూది ఒకసారి వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకొస్తుంది. మంట కొన సన్నగా రావాలని నువ్వు అలా పెట్టావు. అక్కడ ఎప్పుడూ బల్ల చిన్నగా ఎగురుతుంది. ఈసారి ఎగరలేదు. సూది ముందుకే వెళ్ళిపోయింది.

కుట్టు అయ్యాక కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. ఎడమ పక్క నీ చెయ్యే. కుడి పక్క గీత ఒకచోట, లోపల నింపిన కుట్టు ఇంకోచోట. రెంటి మధ్యా తెల్లగుడ్డ కనిపిస్తోంది. గుడ్డ జారిందనుకుని మళ్ళీ బిగించి కుట్టాను. మళ్ళీ అలాగే వచ్చింది. దారం మార్చాను, సూది మార్చాను. మీ బావ కత్తెర పక్కన పెట్టి వచ్చి చూశాడు. ఆ తెల్ల సందు మీద వేలు పెట్టి తడిమి, వెళ్ళి మళ్ళీ చొక్కాలు కత్తిరించుకున్నాడు.

ఇది పాత దీపాన్ని చిన్నది చేసింది కాదు. కొత్తగా గీసింది. పాతది నీ దగ్గరుంటే కొత్తది ఎందుకు గీస్తావు?

చెల్లీ, నీ దగ్గర కాపీ ఉందా? నీ తలనొప్పి ఏ పక్క వస్తోంది?

అక్క


రైలుగేటు దగ్గర ఇల్లు
అక్టోబరు

అక్కా,

లేదు. కాపీ ఏనాడూ లేదు.

కుడి కన్ను. వేసవిలో మొదలైంది. మధ్యలో నూనె మరక పడ్డట్టు ఉంటుంది, ఏ గీత చూసినా ఆ మరక దగ్గరికొచ్చి వంగిపోతుంది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకుందాం అన్నాడు డాక్టరు. ఇంట్లో వాళ్ళకి తెలుసు. నీకే చెప్పలేదు. చెప్తే నువ్వు ఆ రెండు చెవులతో పాటు రెండు కళ్ళూ పోగొట్టుకున్నట్టు కూర్చుంటావు, అప్పుడు నిన్ను నేను ఓదార్చాలి. నాకు ఆ ఓపిక లేకపోయింది.

కొత్తగా గీసే రోజులు అయిపోయాయని తెలిసే ఆ నేర్పే పని అడిగాను. చేసినవి పెట్టుకుని, ఇది ఇలా ఎందుకు వేశాను, అక్కడ దారం ఎందుకు మలిపాను అని పిల్లలకి చెప్పగలను కదా. జూలైలోనే పిలిచారు. వెళ్ళాను. "ఏవమ్మా మీ పనులు?" అన్నారు. లేవన్నాను. "పోనీ ఒకటి ఇక్కడే గీసి చూపించండి" అన్నారు. గీశాను. అక్కడి పెద్దావిడ దాన్ని మర్యాదగా చూసి, నాకు టీ తెప్పించింది. టీ వచ్చినప్పుడే అర్థమైపోయింది. ఆ పని వేరే అమ్మాయికిచ్చారు.

నాకు కోపం లేదని రాయను. ఉంది. తుడిపించావనే కాదు, అదేదో భయంలో చేశావు. గంటలో గీసుకుంటావనుకున్నానని రాశావు చూడు, అది. ఆ పువ్వుల్లో ఒక నెమలి ఉండేది, దానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది అక్కా. మధ్యాహ్నాలు నువ్వు ముందుగదిలో గుండీలు కుడుతుంటే నేను పక్కగదిలో ఒక్కో ఈకా పెట్టుకుంటూ కూర్చున్నాను. ఎవరూ ఆర్డరివ్వలేదు, కుడితే దారం చాలా పడుతుందని గుడ్డ మీదకీ రాలేదు. నీకు చూపిద్దామని ఎన్నిసార్లు పిలిచినా "ముందు ఈ బ్యాడ్జీలు కానియ్యి" అనేదానివి.

దీనికి జవాబు రాయొద్దు. నువ్వు ఏడుస్తూ రాస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. పొడిగా ఉన్నవే నాకు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి.

చెల్లి


మిషన్ల సందు
నవంబరు మొదటి వారం

చెల్లీ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. నల్ల పెన్నుతో, పెద్ద పెద్ద అక్షరాలతో, పంక్తికీ పంక్తికీ మధ్య చోటు వదిలి రాస్తున్నాను. ఏడ్చేదేదో ముందే ఏడ్చి వచ్చి కూర్చున్నాను.

వచ్చే ఉద్దేశం లేని పోలీసులకి భయపడి నీ పద్నాలుగేళ్ళు తుడిపించాను. అదొకటి. కానీ నాకు అంతకంటే బరువుగా ఉన్నది ఇంకోటి. నీ కన్ను పోతుంటే ఆ సంగతి అక్కతో చెప్పుకోవడం కంటే దాచుకోవడమే నీకు సుఖమనిపించింది. నాకు ఏం చెప్పాలన్నా ముందు నా గుండె పట్టుకోవాలి, తర్వాత నీ మాట చెప్పాలి. ఇన్నేళ్ళూ నీ మీద ప్రేమ అనుకుని నేను చేసింది అది. పిల్లి కాలు గురించి అంత రాశాను, నీ తలనొప్పి గురించి ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. బల్బు మార్పించమన్నాను!

బడివాళ్ళకి ఆ దీపం ఇవ్వలేదు. ఆ ఆర్డరు వేరేవాళ్ళకి వెళ్ళింది, వెళ్ళనీ. ఊళ్ళో తెలిసిన ఇళ్ళన్నీ తిరిగి, మనం బ్యాడ్జీలు కుట్టిన పాత చొక్కాలు అడిగాను. చాలామటుకు మసిగుడ్డలైపోయాయి. ఒకావిడ చేతిలోది లాక్కుని మరీ చూశాను, పొయ్యి తుడిచిన మసి కింద నీ గులాబీ. కొన్ని దొరికాయి. కుట్టుకేంద్రానికి తీసుకెళ్ళి చూపిద్దామన్నాను మీ బావతో. "ఆ పని వేరే పిల్లకి ఇచ్చేశారే, ఇప్పుడు చూపించి ఏం చేస్తావు?" అన్నాడు. నిజమే. ఏం చేస్తాను?

ఆ కంప్యూటర్ ముందు నేనే కూర్చుంటున్నాను ఇప్పుడు. డిజైన్లు గీసే ప్రోగ్రాం కూడా అసలుదే వేయించాను. మౌస్ పట్టుకుంటే చెయ్యి కోడిని పట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. వారం కష్టపడి ఒక ఆకు గీశాను. మీ బావ చూసి, "కప్ప బాగా వచ్చింది" అన్నాడు. దాన్ని కుట్టి చూశాను. నిజంగానే కప్ప. దాని ముందు కూర్చున్నాక తెలిసింది, గంటలో గీసుకుంటావులే అని ఎంత మాట రాశానో.

నేను నీ దగ్గరికి వస్తున్నాను. నీ పువ్వులు తిరిగి రావని తెలుసు. వాటి బదులు ఇవి అని నేను ఏదీ పట్టుకురావడం లేదు. నెమలిని నేను చూడలేదు. ఆ వానాకాలమంతా నీకూ నాకూ మధ్య ఉన్నది ఒక గుమ్మం, లేచి పది అడుగులు వెయ్యలేదు. ఇప్పుడు చూద్దామంటే అది నీ కళ్ళ వెనక తప్ప ఇంకెక్కడా లేదు. నువ్వు దాని గురించి చెప్పు, నేను వింటాను. మెడ ఎటు తిప్పింది? ఈకల్లో ఏ రంగు ముందు వేశావు? చెప్పాలనిపిస్తేనే. గీద్దామనిపిస్తే నువ్వు పక్కన కూర్చుని చెప్పు, నేను చుక్కలు పెడతాను. వంకరగా వస్తే తిట్టు. గట్టిగా తిట్టు, లేకపోతే వినపడదు. ఏ మాటా వద్దంటే నీ పక్కన ఊరికే కూర్చుంటాను. డాక్టరు ఏమన్నాడో మొత్తం చెప్పు, చెడ్డది ముందు చెప్పు. గుండె పట్టుకోను.

ఒంటరిగా బండెక్కడం నాకిదే మొదలు. మీ బావ తోడొస్తానన్నాడు, వద్దన్నాను. స్టేషన్ పేరు పిలిచినా నాకు వినపడదు గనక, ఎక్కిన దగ్గర్నుంచి కిటికీలోంచి బోర్డులు కూడబలుక్కుంటూ వస్తాను. భయం లేదని అబద్ధం రాయను. మరిదిగార్ని స్టేషనుకి పంపొద్దు, ఆయన నా సంచి ఎత్తుతారు. రైలుగేటు దాకా నడిచి వస్తాను, నువ్వు గుమ్మంలో ఉంటే చాలు. టికెట్టు తీసేసుకున్నాను. ఈ నెల పదమూడో తేదీ, గురువారం, మధ్యాహ్నం బండి.

అక్క